అభ్యంతరం తాతగారి సంతాప తీర్మానం

తీర్మానం అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు ఝల్లుమనే కాలం ఒకటుండేది. సాయంత్రం వార్తల్లో రేడియో ఆయన గొంతు సవరించుకుని “శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది” అన్నాడంటే, అంతమంది పెద్దమనుషులు ఒక్క మాట మీదికి వచ్చారు కాబట్టి ఆ పని రేపు పొద్దుటికల్లా అయిపోతుందని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. (తీర్మానాలు బీరువాల్లో ఎన్నేళ్ళు నిద్రపోగలవో అప్పటికి నాకు తెలియదు. తెలియకపోవడం కూడా దేవుడు చేసిన మేళ్ళలో ఒకటని ఇప్పుడనిపిస్తుంది.) ఇంట్లో మా నాన్న కూడా తీర్మానాలు చేసేవాడు. “రేపటినుంచి ఈ ఇంట్లో అందరూ తెల్లవారుజామునే లేవాలని ప్రతిపాదిస్తున్నాను” అనేవాడు. అమ్మ బలపరిచేది కాదు. అది అక్కడికక్కడే వీగిపోయేది.

నేను బడికి వెళ్ళలేదు. నాలుగో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ నా ఎడమ కాలిలో బలాన్ని పట్టుకుపోయింది. బడేమో కాలవ అవతల. నాన్న తెనాలిలో మా చర్చికి ఉపదేశి. ఆయనే నాకు పలక పట్టించి, ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ చదివించి, ముత్యాల్లాంటి అక్షరం వచ్చేదాకా నా చేత దిద్దించాడు. ఆ తర్వాత ఆయన చూపు మందగించింది. చర్చి సంఘం కమిటీ తీర్మానాలు ఆయన చెబుతుంటే పుస్తకంలో నేను రాసేదాన్ని. ఆయన కళ్ళకి నేను, నా కాలికి ఆయన. ఇద్దరం కలిస్తే ఒక నిండు మనిషి. ఒక కోత పండగకి చర్చికి బియ్యం బస్తా పంపిన రైసుమిల్లు మేనేజరు గారు ఆ పుస్తకం తిరగేసి “ఈ అక్షరం ఎవరిదండీ?” అని అడగడం, మా నాన్న నావైపు చెయ్యి చూపించడం, వారం తిరక్కుండా నేను మిల్లు ఆఫీసులో అడుగుపెట్టడం, అన్నీ కలలో జరిగినట్టు జరిగిపోయాయి. అరవయ్యో దశకం చివరి రోజులవి. నాకు పంతొమ్మిదేళ్ళు.

మిల్లంటే ఏదో చిన్న మిల్లు కాదు, లిమిటెడ్ కంపెనీ! దానికి ముగ్గురు డైరెక్టర్లు. కొల్లిపర నుంచి ఛైర్మన్ గారు, బాపట్ల నుంచి ప్లీడరు గారు, రేపల్లె నుంచి ఒక పెద్దాయన. ముగ్గురూ కూర్చుంటే అది బోర్డు. బోర్డు అన్న మాటలన్నీ మినిట్స్ పుస్తకంలో ఎక్కించడం నా పని. పేజీలకి ముందే నంబర్లు వేసి ఉంటాయి. ఒక్క పేజీ చింపకూడదు, ఒక్క మాట చెరపకూడదు, అది చట్టం అని మేనేజరు గారు మొదటిరోజే బెదిరించారు. ఆ బెదురులో నా మొట్టమొదటి మినిట్స్ రాసి, చివర్లో చర్చి పుస్తకం అలవాటు కొద్దీ “ఆమేన్” అని ముగించాను. ఛైర్మన్ గారు చదవకుండా సంతకం పెట్టారు. ప్లీడరు గారూ అంతే. (పెద్ద ప్లీడర్లు ఇతరుల కాగితాలే చదువుతారట.) రేపల్లె పెద్దాయన ఒక్కరే కళ్ళజోడు సవరించుకుని ఆఖరి అక్షరం దాకా చదివి, బల్ల మీద వేలితో టకటకా కొట్టారు.

“అభ్యంతరం! ఈ ఆమేన్ ఎవరు ప్రతిపాదించారు? ఎవరు బలపరిచారు?”

నేను భూమిలోకి కుంగిపోయాను. పేజీ చింపడానికి లేదు కదా, ఆ ఆమేన్ ఇప్పటికీ ఆ పుస్తకంలో అలాగే ఉండి ఉంటుంది.

ఆయన పేరు వేరే ఉన్నా, మిల్లులో అందరూ వెనకాల పిలుచుకునేది అభ్యంతరం తాతగారనే. రేపల్లె నుంచి మొదటి పాసింజరుకే దిగి, అందరికన్నా ముందు వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. కొత్త బాయిలరు కొందామంటే అభ్యంతరం. కొనవద్దంటే, ఎందుకు వద్దని అభ్యంతరం. నేను గోడకానుకుని, పుస్తకం ముంజేతి మీద పెట్టుకుని నిలబడి రాస్తుంటే దానిమీదా అభ్యంతరమే. “గుమాస్తా నిలబడి రాయడమేంటి? అక్షరం వంకరపోతే కంపెనీకి నామర్దా. కుర్చీ వేయండి” అన్నారు. మిగతావాళ్ళు నవ్వుకున్నారు. కుర్చీ వచ్చింది. ఎడమకాలు చాచుకుని కూర్చున్నాక నాకెంత ప్రాణం లేచివచ్చిందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆయనకీ తెలియదనే అనుకున్నాను. ఆయన అడిగింది అక్షరం కోసం కదా!

ఇంత చేసినాయన నా ఉద్యోగం పర్మనెంటు చేసే తీర్మానం దగ్గర మాత్రం బండరాయి. “బడి మొహం చూడని పిల్ల. సర్టిఫికెట్టు లేదు. అభ్యంతరం” అన్నారు, వాయిదా పడింది. మూడు నెలలకి మళ్ళీ అదే మాట, మళ్ళీ వాయిదా. అప్పుడు మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచి, “చూడమ్మాయ్, తాత్కాలికం మీద ఎంతకాలం నెట్టుకొస్తాం? ఈసారి కూడా పోతే గుంటూరు నుంచి సర్టిఫికెట్లున్న ఆయన్నెవర్నో తెస్తామన్నారు ఛైర్మన్ గారు. నా చేతుల్లో ఏం లేదు” అన్నారు. నాన్న చూపు అప్పటికి దీపం వెలుగు దాకా వచ్చి ఆగింది. ఇంటికి ఆధారం నా అక్షరమే. ఆ మీటింగుకి ముందు ఆదివారం చర్చిలో అందరూ తలలు వంచినప్పుడు నేనూ వంచి, లోలోపల, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుపడే ప్రార్థన ఒకటి చేశాను. “తండ్రీ, ఆ తాతగారు ఈ ఒక్క మీటింగుకి రాకుండా చూడు. ఇంకేం అడగను.”

మీటింగుకి ముందురోజు అజెండా కాగితం ప్రతి డైరెక్టరు ఇంటికీ పంపి సంతకం తెచ్చుకోవడం మా కంపెనీ ఆచారం. ఆ పని చేసే అటెండరుని టపా బాబాయి అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, నిజాయితీపరుడు, ఎవర్నీ ఏమీ అడగలేని మొహమాటస్థుడు. ఆరోజు రేపల్లె వెళ్ళినవాడు సంతకం లేని అజెండాతో తిరిగొచ్చి, గుమ్మంలో చతికిలబడ్డాడు.

“తాతగారు పోయారండీ” అన్నాడు.

“ఎవరు చెప్పారు?” అన్నారు మేనేజరు గారు.

“ఒకరు చెప్పాలేంటండీ? ఇంటిముందు ఊరంతా ఉంది. డప్పులండీ. బండి నిండా బంతిపూలు. ఆడాళ్ళు గుండెలు బాదుకుంటన్నారు. చావింటి దగ్గర ‘అయ్యా, ఈ అజెండా మీద సంతకం పెట్టేదెవరు?’ అని ఎట్టా అడిగేదండీ? వచ్చిన బండికే వచ్చేశాను.”

నా చేతిలో కలం అలాగే ఉండిపోయింది. రాకుండా చూడమన్నాను తండ్రీ, లేకుండా చెయ్యమన్నానా?

మర్నాడు బోర్డు ఇద్దరితోనే కూర్చుంది. ఇద్దరున్నా కోరం చాలుతుంది. మొదటి అంశం సంతాప తీర్మానం. ఛైర్మన్ గారు గొంతు తగ్గించి, “నాలుగు మంచి మాటలు రాయించండి ప్లీడరు గారూ” అన్నారు.

“మీరు చెప్పండి, మీకే ఎక్కువ పరిచయం.”

“పరిచయం ఉంది కాబట్టే మిమ్మల్ని చెప్పమంటున్నా.”

కాసేపు ఇద్దరూ ఫ్యాను వంక చూశారు. చివరికి మేనేజరు గారు, అంతకుముందెప్పుడో ఇంకో డైరెక్టరు పోయినప్పటి తీర్మానం తీసి, “ఇందులో పేరు మారిస్తే సరిపోతుందండీ” అన్నారు. సరిపోయింది. నిరంతర శ్రమజీవి, మితభాషి, సౌమ్యులు, ఎవరి మాటకూ ఎదురు చెప్పని సుగుణశీలి, సంస్థ బరువును తన భుజాలపై మోసినవారు అని నేను రాసుకుంటూ పోయాను. ‘ఎవరి మాటకూ ఎదురు చెప్పని’ దగ్గర ప్లీడరు గారికి దగ్గొచ్చింది. ‘ఈ తీర్మానం ప్రతిని వారి కుటుంబ సభ్యులకు పంపవలసిందిగా’ అన్న ఆఖరి వాక్యానికి ముందు నా చెయ్యి ఆగింది. ఇంత పెద్దమనిషి పోతే, ఆయన నిజంగా చేసిన మంచి ఒక్కటీ లేకుండా కాగితం ముగిసిపోతోందే! ఎవరూ చెప్పకుండానే ఒక వాక్యం చేర్చాను. “నిలబడి రాయుచున్న వారికి కుర్చీ వేయించినవారు.” ఇద్దరూ చదవకుండా సంతకాలు పెట్టారు. రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. కూర్చున్నాక రెండో అంశం, నా ఉద్యోగం. “అభ్యంతరాలేమైనా ఉన్నాయా?” అన్నారు ఛైర్మన్ గారు. అలవాటు కొద్దీ అందరం కిటికీ పక్క కుర్చీ వైపు చూశాం. కుర్చీ ఏమీ అనలేదు. ఏకగ్రీవం!

ఉద్యోగంలో చేరింది మొదలు రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. నాన్న పక్కన కూర్చుని ప్రార్థన సంగతంతా కక్కేశాను. ఆయన నా తల నిమిరి, “దేవుడు నీ మాట వింటాడమ్మా, కానీ ఆయన నీ గుమాస్తా కాదు. నువ్వు చెప్పినట్టల్లా రాయడు” అన్నాడు. తర్వాత, “ఆ తీర్మానం ప్రతి టపా బాబాయి చేత పంపొద్దు. నువ్వే పట్టుకెళ్ళి ఆ ఇంటివాళ్ళకి ఇచ్చిరా. మనసు తేలికపడుతుంది” అన్నాడు.

మర్నాడు పాసింజరెక్కి రేపల్లె వెళ్ళాను. దారిపొడుగునా ఆ ఇంటి ఆడవాళ్ళతో ఏం మాట్లాడాలో మననం చేసుకుంటూనే ఉన్నాను. స్టేషను దగ్గర రిక్షా అబ్బాయి “పెద్దాయనగారిల్లా? అయ్యో పాపం, పోయాడు కదండీ, సింహంలాంటోడు” అని కళ్ళు తుడుచుకుంటే నాకూ దుఃఖం పొంగింది. ఇంటిముందు దిగాను. వాకిట్లో వాడిపోయిన బంతిపూలు. అరుగు మీద మడత కుర్చీలో, వీపు ఇటు పెట్టి ఎవరో పెద్దాయన. తమ్ముడు కాబోలనుకుని చేతులు జోడించి, “నమస్కారమండీ, తాతగారు పోయారని తెలిసి...” అన్నాను.

పెద్దాయన ఇటు తిరిగారు.

కేక వేశానో లేదో గుర్తులేదు. రిక్షా అబ్బాయి మాత్రం తర్వాత, వేశాననే చెప్పాడు.

“ఏంటమ్మాయ్, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావ్? నువ్వు తెనాలి మిల్లు పిల్లవి కదూ?” అన్నారు అభ్యంతరం తాతగారు.

“మీరు... మీరు పోయారని...”

“నేనా? ఎవడు చెప్పాడు? పోయింది నా గిత్త.” ఆయన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. “పదమూడేళ్ళు. ఈ తాలూకాలో బండలాగుడు పందెంలో దాని పక్కన నిలబడ్డ ఎద్దు లేదు. మనిషికి చేసినట్టే చేశాం. ఈ మూడ్రోజులూ గడప దాటలా.”

ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న కాగితం వెనక్కి దాచుకున్నాను. ఆ వయసులో నాకున్న తెలివి అంతే. ఆయన చెయ్యి చాచారు. “కంపెనీ కాగితం దాస్తావా? అభ్యంతరం. ఇటియ్యి.” ఇచ్చాను. “ఎండలో నిలబడతావేంటి, లోపలికి రా” అని, కోడలి చేత చల్లటి మజ్జిగ ఇప్పించి, కళ్ళజోడు పెట్టుకుని తన సంతాప తీర్మానం తానే పైకి చదవడం మొదలుపెట్టారు.

“నిరంతర శ్రమజీవి. ఊఁ, ఇది నా గిత్త. మితభాషి. ఇదీ గిత్తే. సౌమ్యులు. కొమ్ము విసిరి ఎరగదు. ఎవరి మాటకూ ఎదురు చెప్పని... ముమ్మాటికీ గిత్తే! బరువును తన భుజాలపై మోసినవారు. ఇంకెవరు? అమ్మాయ్, మీ బోర్డు వాళ్ళు దూరాన కూర్చుని దాన్ని ఎంత బాగా తెలుసుకున్నారే!” ఆయన నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియక, నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని బిగుసుకుపోయాను. అప్పుడొచ్చింది కుర్చీ వాక్యం. దాన్ని పైకి చదవలేదు. రెండుసార్లు కళ్ళతో చదివి, కాగితం దించారు.

“ఇదెవరు రాయమన్నారు?”

“ఎవరూ చెప్పలేదండి. నేనే...”

“సంతకాలు పెట్టినోళ్ళు చదివారా?”

“లేదండి.”

“తెలుసు. మొదటిరోజు నువ్వు గోడకానుకున్నప్పుడు నీ మడమ వణకడం కూడా ఎవరూ చూళ్ళా. పిల్ల కాలు గురించి నలుగురిలో మాట్లాడితే బావుండదని అక్షరం మీద పెట్టాను.”

అప్పుడిక నావల్ల కాలేదు. బోరున ఏడ్చి ప్రార్థన సంగతి కూడా చెప్పేశాను. మీరు మీటింగుకి రాకూడదని అడిగానండి, గిత్త నావల్లే పోయిందేమోనండి అని. ఆయన శ్రద్ధగా విని, వకీలులా వేలెత్తారు. “నువ్వడిగింది నేను రాకూడదని. నేను రాలా. అంతటితో నీ అర్జీ తీరిపోయింది. గిత్త ముసలిదైంది, దాని వేళకి అది పోయింది. ఆ రెండూ కలిపి రాయడం మీద నాకు అభ్యంతరం.” ఆ ఒక్క అభ్యంతరానికి నేను ఈరోజుకీ దేవుడికి వందనాలు చెప్పుకుంటాను. కానీ లేచి వస్తుంటే, వెనకనుంచి ఇంకో మాట వినిపించింది. “అమ్మాయ్, నాకు అజెండా అందలేదు. కాబట్టి ఆ మీటింగే చెల్లదు. నీ ఉద్యోగం తీర్మానం కూడా చెల్లదు. మేనేజరుతో చెప్పు, మళ్ళీ పిలవమని.”

తిరుగు బండిలో నా స్థితి ఏం చెప్పను! మనిషి బతికున్నందుకు ఆనందం ఒక కంట్లో, ఉద్యోగం పోయినందుకు నీళ్ళు రెండో కంట్లో.

వారానికి బోర్డు మళ్ళీ కూర్చుంది. ఆరోజు ఆఫీసులో ఉన్న ఉత్సాహం పెళ్ళింట్లో కూడా చూడలేదు. హమాలీలు సైతం పని ఆపి కిటికీల దగ్గర మూగారు. తాతగారు తన కుర్చీలో కూర్చుని, “ముందు నేను బతకాలి. పుస్తకంలో నన్ను చంపారు, పేజీ చింపడానికి లేదు. తీర్మానం కావాలి” అన్నారు. ఛైర్మన్ గారు తల గోక్కుంటూ ప్రతిపాదించారు. ప్లీడరు గారు బలపరిచి, కొంటెగా, “తాతగారూ, స్వప్రయోజనం ఉన్న విషయంలో డైరెక్టరు ఓటు వేయకూడదు మరి” అన్నారు.

“నేను బతకడంలో ప్రయోజనం నాక్కాక నీకేంటయ్యా?”

మేనేజరు గారు చెబుతుండగా నేను రాశాను. రేపల్లె డైరెక్టరు గారు ఇంకనూ సజీవులై ఈ సమావేశమునకు స్వయముగా హాజరై యున్నారని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. పెద్దాయన బల్ల మీద కొట్టారు. “అభ్యంతరం. ‘ఇంకనూ’ ఏంటి? ఏదో ఎదురుచూస్తున్నట్టు!” పుస్తకంలో చెరపకూడదు కదా, గీత గీసి పక్కన ముగ్గురూ పొట్టి సంతకాలు పెట్టారు.

తర్వాత నా తీర్మానం చెల్లదని ఆయన ప్రకటించారు. మేనేజరు గారు నావైపు చూడలేకపోయారు. “కొత్తగా ప్రతిపాదించాలి” అన్నారు తాతగారు. “రాసుకోమ్మాయ్. ప్రతిపాదించినవారు...” అని ఆగి, “నేను” అన్నారు.

ఆ పుస్తకం మొదలైనప్పటినుంచీ ఆయన ఒక్కటంటే ఒక్కటి ప్రతిపాదించలేదు. “మరి సర్టిఫికెట్టు?” అన్నారు ప్లీడరు గారు నవ్వు ఆపుకుంటూ. తాతగారు చొక్కా జేబులోంచి నాలుగు మడతల సంతాప తీర్మానం తీసి బల్ల మీద పరిచారు. “ఇదిగో. ఇద్దరు పెద్దమనుషులు చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో ఈ పిల్ల ఒక్క నిజం రాసింది. ఏ బడి ఇస్తుంది ఇలాంటి సర్టిఫికెట్టు?” బలపరచడానికి ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తారు. నేను రాశాను. అక్షరాలు అలుక్కుపోయాయి. అక్షరం వంకరపోయిందని ఆయన అభ్యంతరం చెబుతారేమోనని చూశాను. కిటికీ లోంచి బయటికి చూస్తున్నారు.

డెబ్బైల్లో ఒక వర్షాకాలం, ఆయన నిజంగానే వెళ్ళిపోయారు. ఈసారి టపా బాబాయి లోపలికెళ్ళి, చూసి, ఇద్దర్ని అడిగి మరీ వచ్చాడు. ఛైర్మన్ గారు “రాయమ్మా” అన్నారు. నా సొరుగులో ఆ నాలుగు మడతల కాగితం ఉంది. నా ఉద్యోగం ఖాయమైన మీటింగు రోజునే ఆయన నాకిచ్చేశారు. గిత్తకి చెందిన మాటలన్నీ పెన్సిలుతో కొట్టేసి, ఒక్క వాక్యం ఉంచి, పక్కన ‘నా వేళ వచ్చినప్పుడు ఇది చాలు’ అని రాశారు. ఆ ఒక్క వాక్యమే మినిట్స్ పుస్తకంలో ఎక్కించాను. చివర, నిండు తెలివితోనే, ఆమేన్ అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అదే నన్ను ఏడిపించింది.

ఈమధ్య మా సంఘం స్త్రీల సమాజం వాళ్ళు నన్ను అభినందిస్తూ తీర్మానం చేస్తామని, అందులో మాటలు సరిచూడమని ఒక పిల్లని మా ఇంటికి పంపారు. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివాను. రెండో వాక్యంలోనే ‘మితభాషి’ అని ఉంది. (ఇంతదూరం చదివిన మీకు చెప్పేదేముంది!) “అభ్యంతరం” అన్నాను పైకే, ఆ తాతగారి గొంతుతోనే. నాకే నవ్వొచ్చింది. పెన్సిలు తీసుకుని ఆ మాట కొట్టేసి తలెత్తితే, ఆ పిల్ల భయంభయంగా గుమ్మం పక్కన ఇంకా నిలబడే ఉంది. మిగతా తప్పుల సంగతి పక్కన పెట్టి, ముందు కుర్చీ లాగాను.